ప్రభుత్వము ఎప్పుడు పాలకుడు? ఎప్పుడు వర్తకుడు?

ప్రభుత్వమను మాట యొక్కటియే యైనను, అది మన యెదుట నిలుచు రూపములు రెండు. పన్ను విధించునపుడు, పట్టా మార్చునపుడు, శాంతిభద్రతలను కాపాడునపుడు అది పాలకుడు. కరెంటు అమ్మునపుడు, రైలు నడపునపుడు, ఇండ్లు కట్టి వాయిదాలపై ఇచ్చునపుడు అది వర్తకునివలె మనకు ఎదురగును. మొదటి రూపముతో మనకు గలది పౌరుని సంబంధము. రెండవ రూపముతో గలది కొనుగోలుదారుని సంబంధము. ఈ రెంటి నడుమ సరిహద్దును వినియోగదారుల చట్టము ఎక్కడ గీయుచున్నదో హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి మన పాఠశాలల తల్లిదండ్రులకు తేటపడునట్లు చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇది న్యాయవాదుల చర్చకు మాత్రమే చెందిన విషయము కాదు. మన ప్రాంతమున సిప్‌కాట్ పారిశ్రామికవాడలలో పనిచేయు కార్మికులు కలరు; డెంకణికోట, తళి, బేరికె, సూళగిరి పల్లెలలో సేద్యము చేయువారు కలరు; హౌసింగ్ బోర్డు ఇండ్లలో కాపురముండువారు కలరు. వీరందరికిని ప్రభుత్వ సంస్థలతో నిత్యము పని యుండును. ఆ పని చెడినపుడు “సర్కారు మీద వ్యాజ్యమా?” యని కొందరు ఊరకుందురు. మరికొందరు ప్రతి కష్టమునకును వినియోగదారుల కమిషనే శరణ్యమని తలచి, ఏండ్లు గడచిన పిమ్మట “ఇది మా పరిధిలోనిది కాదు” అను ఉత్తరువుతో తిరిగి వత్తురు. మొదటివారు ఉన్న హక్కును విడిచిపెట్టుచున్నారు. రెండవవారు లేనిచోట హక్కును వెదకుచున్నారు. రెండు విధములను నష్టపడునది కుటుంబమే.

ఈ ప్రశ్న పాతది. ఈస్టిండియా కంపెనీవారు ఒక చేత రాజ్యమును, వేరొక చేత వర్తకమును నడపిరి. ప్రభుత్వపు పనివారి అజాగ్రత్తవలన కలకత్తాలో ఒకరి గుఱ్ఱము గాయపడగా, 1861లో అచ్చటి సుప్రీంకోర్టు ఒక భేదమును చూపెను. సామాన్యుడెవడైనను చేయదగిన పనిని కంపెనీ చేసినపుడు సామాన్యునివలెనే నష్టపరిహారము చెల్లింపవలెను. రాజ్యాధికారముచేత మాత్రమే చేయదగిన పనికి ఆ బాధ్యత లేదు. స్వాతంత్ర్యానంతరమును ఈ భేదము నిలిచియుండెను. 1962లో, రాజస్థానమున ప్రభుత్వపు జీపు తగిలి ఒక బాటసారి మరణించిన వ్యాజ్యమున, రాష్ట్రము పరిహారమీయవలసినదే యని భారత సుప్రీంకోర్టు చెప్పెను. 1964లో మాత్రము, మీరటు పోలీసులు స్వాధీనపరచుకొన్న బంగారము ఠాణానుండియే మాయమైనను, అది రాజ్యాధికారముతో చేసిన పని గావున రాష్ట్రమునకు బాధ్యత లేదని నిర్ణయించెను.

ఈ కాఠిన్యమును సడలించిన తీర్పులలో ముఖ్యమైన దొకటి తెలుగునాటి వ్యాజ్యముననే వచ్చినది. 1975లో ఆంధ్రప్రదేశమున ఎన్. నాగేంద్రరావు కంపెనీవారి ఎరువులను, ధాన్యమును అధికారులు నిత్యావసర వస్తువుల చట్టము క్రింద పట్టుకొనిరి. పిదప సరకులో అధికభాగమును తిరిగి యిచ్చివేయుటకు ఉత్తరువైనది. కాని అప్పటికే ఆ సరకు చెడిపోయినది. 1994లో సుప్రీంకోర్టు, అధికారుల అజాగ్రత్తకు రాష్ట్రము బాధ్యత వహింపవలసినదే యని తీర్పిచ్చెను. రాజు తప్పు చేయడను పాత సిద్ధాంతమునకు ప్రజాప్రభుత్వమున చోటు లేదనుట ఆ తీర్పు సారాంశము. దీనిని వ్రాసిన న్యాయమూర్తి ఆర్. ఎం. సహాయ్. మేము ఇకముందు చెప్పబోవు వినియోగదారుల తీర్పును ఈయనయే అంతకు ముందటి సంవత్సరమున వ్రాసియుండెను.

వినియోగదారుల రక్షణ చట్టము మన దేశమున 1986లో పుట్టినది. దానికి రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24వ తేదీని జాతీయ వినియోగదారుల దినముగా జరుపుకొనుచున్నాము. 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలైనుండి అమలునకు వచ్చెను. ఈ చట్టము ప్రకారము, వెల యిచ్చి వస్తువు కొన్నవాడును, ప్రతిఫలమిచ్చి సేవ పొందినవాడును వినియోగదారుడు. వెల మొత్తము వెంటనే చెల్లింపకున్నను, చెల్లింతునని మాట యిచ్చినను చాలును. సేవయనగా కోరిన వారికెల్ల అందుబాటులో నుండు ఏ విధమైన సేవయైనను కావచ్చును. బ్యాంకు, ఇన్సూరెన్సు, రవాణా, విద్యుత్తు, టెలిఫోను, గృహనిర్మాణము మొదలగువానిని చట్టము పేరు పెట్టి చెప్పినది. రెండింటిని మాత్రము మినహాయించినది: ఉచితముగా చేయు సేవ యొకటి, ఇంటి సేవకుడు యజమానికి చేయునట్టి వ్యక్తిగత ఒప్పందపు సేవ రెండవది. ప్రభుత్వము చేయు సేవకు ఈ చట్టము వర్తింపదని ఎచ్చటను వ్రాయలేదు.

ఇతర దేశముల పద్ధతితో పోల్చిన యెడల మన చట్టపు తీరు తేటపడును. ఆస్ట్రేలియాలో 2010 నాటి పేరు గల పోటీ, వినియోగదారుల చట్టము అచ్చటి ప్రభుత్వమును “వ్యాపారము చేయునంత మేరకు” మాత్రమే కట్టుబరచుచున్నది. పన్నులు వసూలు చేయుట, లైసెన్సులిచ్చుట వ్యాపారము కాదని ఆ చట్టమే విప్పి చెప్పినది. మన చట్టము వ్యాపారమను పదమును తలుపుగా నిలుపలేదు. ఇచ్చట తలుపులు సేవ, ప్రతిఫలము అను రెండు పదములు. లాభాపేక్ష లేనంత మాత్రమున సేవ సేవ కాకపోదు. కావున ఈ రెండు పదముల హద్దులను న్యాయస్థానములు ఎట్లు నిర్ణయించినవో చూడవలెను.

మొదటిది, 1993 నవంబరు 5వ తేదీన లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఇండ్లు, స్థలములు ఇత్తుమని సొమ్ము తీసికొన్న ప్రభుత్వ సంస్థ గడువునకు ఇల్లు అప్పగింపలేదు. తాము చట్టముచేత ఏర్పడిన సంస్థ యగుటచే వినియోగదారుల చట్టము తమకు వర్తింపదని అది వాదించెను. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. చేయువాడు ప్రభుత్వమా, ప్రైవేటువాడా యనునది కాదు, చేసిన పని యెట్టిదియనునదే చూడవలెననెను. అంతటితో ఆగక, అధికారుల దురుద్దేశముచేతనో, వేధింపుచేతనో ప్రజలు బాధపడినచో, ఆ పరిహారపు సొమ్మును ప్రజల ధనమునుండి గాక, బాధ్యులైన అధికారులనుండి రాబట్టవలెనని కూడ చెప్పెను. హౌసింగ్ బోర్డు ఇంటికై వాయిదాలు కట్టినవారు ఈ తీర్పును గుర్తుంచుకొనదగును. ఐతే దీనికొక మేర కలదు. ఉన్న స్థలమును ఉన్నట్లుగా బహిరంగపు వేలములో పాడుకొన్నవాడు వినియోగదారుడు కాడని 2009లో చండీగఢ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించెను. వేలములో జరుగునది కేవలము స్థలపు విక్రయము. అభివృద్ధి చేసి యిత్తునను వాగ్దానము అందులో లేదు.

రెండవది, పన్నునకును రుసుమునకును గల భేదము. దీనికి మూలము మన పూర్వపు మద్రాసు రాష్ట్రమున పుట్టిన వ్యాజ్యమే. హిందూ మత ధర్మాదాయ కమిషనరునకును శిరూరు మఠాధిపతికిని నడుమ 1954లో వచ్చిన తీర్పున సుప్రీంకోర్టు ఇట్లు వివరించెను: పన్ను అందరి మేలుకొరకు వసూలు చేయబడునది, ఇచ్చినవానికి ప్రత్యేకముగా ఇంత మేలు చేయవలెనను కట్టుబాటు అందులో లేదు, రుసుము ఒక నిర్దిష్టమైన సేవకు బదులుగా ఇచ్చునది. ఇంటిపన్ను కట్టుచున్నాము గావున వీథి దీపము వెలుగకున్న వినియోగదారులమై దావా వేయుదుమనువారికి సమాధానము ఇందులోనే కలదు. ఇంటిపన్ను వీథి దీపమునకు వెల కాదు. 2019లో పంజాబు పట్టణాభివృద్ధి సంస్థ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ భేదమునే ఆధారముగా గొని, చట్టప్రకారము వసూలు చేయు మొత్తమైనను, అది ఒక సేవకు సంబంధించినదై, ఆ సేవలో లోపమునుండి వివాదము పుట్టినచో వినియోగదారుల కమిషను విచారింపవచ్చునని చెప్పెను.

ఈ రెండు సూత్రములతో మన నిత్యజీవితమును పరిశీలింతము.

విద్యుత్తు చట్టములోనే పేర్కొనబడిన సేవ. మీటరు చెడిపోయి లెక్కకు మించిన బిల్లు వచ్చినను, సొమ్ము కట్టినను కనెక్షను ఈయకున్నను, కమిషనుకు పోవచ్చును. ఇంటి కనెక్షనునకే గాక, స్వయముగా కష్టపడి జీవనము చేసికొనుటకు పెట్టిన చిన్న కుట్టుపని అంగడికిని ఈ రక్షణ కలదు. లాభార్జనకై నడుపు పెద్ద వ్యాపారమునకు లేదు. కాని కరెంటును అక్రమముగా వాడితిరని 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అధికారి మదింపు చేసిన బిల్లుపై వినియోగదారుల కమిషను విచారింపరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పెను. దానికి అప్పీలు మార్గము విద్యుత్ చట్టములోనే కలదు.

హోసూరు కార్మికులకు రెండు తీర్పులు ముఖ్యమైనవి. భవిష్యనిధి సంస్థ చేయునది సేవయేయని, చందాదారుడైన కార్మికుడు వినియోగదారుడని 1999లోను, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యము ఉచితము కాదని, కార్మికుని చందాయే దానికి ప్రతిఫలమని 2007లోను సుప్రీంకోర్టు నిర్ణయించెను. భవిష్యనిధి సొమ్ము చేతికి రాక కార్యాలయము చుట్టు తిరుగు కార్మికుడు దయను కోరుచున్నవాడు కాడు. తన సొమ్ముతో సేవను కొన్నవాడు.

ప్రభుత్వాసుపత్రుల సంగతి వేరు. 1995 నవంబరు 13వ తేదీనాటి తీర్పు ప్రకారము, ఎవరివద్దను సొమ్ము తీసికొనక అందరికిని ఉచితముగా వైద్యము చేయు ఆసుపత్రి ఈ చట్టమునకు లోబడదు. చీటీకై తీసికొను స్వల్పపు రుసుము లెక్కకు రాదు. కొందరివద్ద సొమ్ము తీసికొని, కొందరికి ఉచితముగా చేయు ఆసుపత్రియైనచో, ఉచితముగా వైద్యము పొందిన బీదవాడును వినియోగదారుడే యగును. ఉచిత వైద్యశాలలో అజాగ్రత్త జరిగిననూ దిక్కు లేదని దీనికర్థము కాదు. సివిలు కోర్టు త్రోవ ఎప్పుడును తెరచియే యున్నది.

రేషను అంగడిలో బియ్యము ఉచితము. చక్కెర, కందిపప్పు, నూనె వెలకు ఇచ్చునవి. ఒకే సంచిలో ఇంటికి వచ్చిన వస్తువులే యైనను వెల యిచ్చిన వానికే ఈ చట్టపు మాట తగులును. ఉచితపు బియ్యమును గూర్చిన మొరను 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఏర్పరచిన జిల్లా ఫిర్యాదుల అధికారికి చెప్పుకొనవలెను.

రైలు ప్రయాణము సేవయే. కారణము చూపకుండ రైలు ఆలస్యమై ప్రయాణికునకు నష్టము కలిగినపుడు రైల్వేవారు పరిహారమీయవలెనని 2021లోను, ప్రయాణికుడు తన వస్తువులను తాను కాపాడుకొనలేక పోగొట్టుకొన్నచో అది రైల్వే సేవలో లోపము కాదని 2023లోను సుప్రీంకోర్టు చెప్పెను. తపాలా విషయమున 2023 నాటి తపాలా చట్టము, నియమములలో చెప్పిన మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదనుచున్నది. చట్టపు పరిధిలోనికి వచ్చినంత మాత్రమున గెలుపు నిశ్చయము కాదనుటకు పళని దేవస్థానపు వ్యాజ్యము దృష్టాంతము. 1995లో దేవస్థానమువారు తపాలా కార్యాలయమున ఐదేండ్ల డిపాజిట్టుగా కోటి రూపాయలకు మించిన మొత్తమును ఉంచిరి. ఆ సంవత్సరము ఏప్రిలునుండియే సంస్థల డిపాజిట్లు తీసికొనరాదని నియమము మారినది. గడువు తీరిన పిమ్మట అసలు వచ్చెనే గాని వడ్డీ రాలేదు. నియమము ప్రకారము నడచినది సేవాలోపము కాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను.

ఇక పూర్తిగా పాలనకు చెందిన పనులు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున దస్తావేజు దాఖలు చేసినవాడు రుసుము చెల్లించినను వినియోగదారుడు కాడని, రిజిస్ట్రారు చేయునది చట్టము విధించిన విధియే గాని సేవ కాదని 1995లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. తాలూకా కార్యాలయమున పట్టా మార్పు, కుల ధ్రువపత్రము మొదలగునవియు ఈ జాతికి చెందిన పనులే.

తల్లిదండ్రులకు మిక్కిలి దగ్గరదైన విషయమును కడకు ఉంచితిమి. బీహారు పాఠశాల పరీక్షల బోర్డు 1998లో ఇద్దరు విద్యార్థులకు ఒకే రోలు నంబరు నిచ్చెను. అందులో ఒకని ఫలితము ప్రకటింపబడలేదు. పిల్లవాని తరపున వేసిన ఫిర్యాదుపై వినియోగదారుల ఫోరము పరిహారమిప్పించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయి, 2009లో ఆ ఉత్తరువు కొట్టివేయబడెను. పరీక్ష నడపుట బోర్డునకు చట్టము అప్పగించిన విధి. విద్యార్థి బోర్డువారి సేవను కొనుటలేదు. పరీక్ష రుసుము ఆ పరీక్షలో పాల్గొనుటకు చెల్లించునదే గాని సేవకు వెల కాదు. ఇదియే ఆ తీర్పు. పిల్లవానికి జరిగిన కష్టము నిజమైనదే. కాని పదునొకండేండ్ల పిమ్మట తేలినది, వారు తట్టినది తగిన తలుపు కాదని. మార్కుల పట్టికలో తప్పు పడినను, ఫలితము నిలిపివేయబడినను, మన పిల్లల తల్లిదండ్రులు బోర్డునకు వ్రాతపూర్వకముగా మనవి చేసికొని, అవసరమైనచో వెంటనే హైకోర్టులో రిట్ దాఖలు చేయవలెనే గాని, వినియోగదారుల కమిషనును నమ్ముకొని యుండరాదు. పాఠశాలలు, కళాశాలలు చేయునది సేవయగునా యను విషయమున తీర్పులన్నియు ఒక త్రోవను నడువలేదు. 2020లో జాతీయ కమిషను విద్యాసంస్థలు చట్టపు పరిధిలోనికి రావని, సొమ్ము తీసికొను కోచింగు కేంద్రములు మాత్రము వచ్చునని చెప్పెను.

మాతృభాషా బోధనకును ఇదియే వర్తించును. తెలుగు ఉపాధ్యాయుడు లేకపోవుట, తెలుగు పాఠ్యపుస్తకములు వేళకు రాకపోవుట మనకు గల కష్టములలో పెద్దవి. అవి వెల యిచ్చి కొన్న సేవలు కావు. అంతకంటె గొప్పవి, రాజ్యాంగము చెప్పిన విషయములు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. 350-బి అధికరణము క్రింద భాషా అల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి కలడు. ఈ రెండును రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో చేర్చబడినవి. 350వ అధికరణము ప్రకారము, ఏ కష్టమును గూర్చియైనను కేంద్రమునకు గాని రాష్ట్రమునకు గాని చెందిన అధికారికి, అచ్చట వాడుకలో నున్న ఏ భాషలోనైనను మనవి వ్రాసికొను హక్కు ప్రతివానికిని కలదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో కలిగిన చిక్కు మద్రాసు హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను విచారింపబడినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటికి మినహాయింపును పొడిగించెను. అది పౌరులుగా మనము నడచిన త్రోవ, కొనుగోలుదారులుగా కాదు.

వినియోగదారులుగా నడువదగిన త్రోవ సులభమైనది. చెల్లించిన వెల 50 లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదు జిల్లా కమిషనులోనే వేయవచ్చును. 5 లక్షల లోపునకు రుసుము లేదు. సంస్థ కార్యాలయము చెన్నైలో నున్నను, ఫిర్యాదీ నివసించు చోటనో, పనిచేయు చోటనో వేయుటకు 2019 చట్టము అనుమతించుచున్నది. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. కష్టము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల వేయవలెను. 1915 అను నంబరునకు ఫోను చేసి మొదట సలహా పొందవచ్చును. రసీదులు, బిల్లులు, వ్రాసిన ఉత్తరముల నకళ్లు భద్రముగా నుంచుకొనవలెను. అవి లేని వ్యాజ్యము పునాది లేని యిల్లు. విద్యుత్తు, నీరు, ఆసుపత్రి, తపాలా వంటి ప్రజోపయోగ సేవలకై శాశ్వత లోక్ అదాలతులను గూర్చి కూడ న్యాయసేవల చట్టమున ఏర్పాటు కలదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును.

కావున ప్రభుత్వ సంస్థతో చిక్కు వచ్చినపుడు తల్లిదండ్రులు తమను తాము నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మనము పొందినది సేవయా, లేక అధికారముతో చేసిన నిర్ణయమా? దానికి మనము వెల యిచ్చితిమా? ఇచ్చినది ఆ సేవకు బదులుగా ఇచ్చినదా, లేక పన్నా? ఈ వివాదమునకు వేరొక చట్టము వేరొక న్యాయస్థానమును ఏర్పరచినదా? మొదటి మూడింటికి అనుకూలమైన సమాధానము వచ్చి, నాలుగవది అడ్డు రాకున్నచో, ఎదుటనున్నది ప్రభుత్వమైనను జంకవలసిన పని లేదు. అట్లు కానిచో, పౌరునిగా తనకు గల వేరు త్రోవను ఆలస్యము చేయక పట్టవలెను. కొనుగోలుదారుడు రసీదు చూపి అడుగును. పౌరుడు రాజ్యాంగమును చూపి అడుగును. ఏ సమయమున ఏది చూపవలెనో తెలిసికొనుటయే ఇందులోని మెలకువ యని మన తల్లిదండ్రులు గ్రహింతురుగాక.